మందు గ్లాసుల్లో ప్రభు భోజనం

1964 ఫిబ్రవరి. నెల్లూరులో క్షయరోగుల క్లినిక్కు ఒకదానిలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి అప్పటికి ఆరేళ్ళు. మా ఊరు మైపాడు రోడ్డు నుంచి లోపలికి రెండు మైళ్ళు. వారమంతా నెల్లూరులో ఒక గదిలో ఉండి, శనివారం సాయంత్రం ఖాళీ చేపల గంపల మధ్య బస్సులో నిలబడి ఇంటికి వచ్చేవాణ్ణి. ఆదివారం మా క్రైస్తవ సంఘంలో డీకను పని. అంటే గుడిలో కుర్చీలు సర్దడం, కానుక పట్టడం, నెలకొకసారి ప్రభు భోజనం, అంటే యేసు పేరున రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన జరిగినప్పుడు, పాస్టరు అయ్యగారికి సాయంగా నిలబడడం.

నా ఉద్యోగం గురించి రెండు మాటలు చెప్పాలి. స్పుటం అంటే రోగి లోపలినుంచి దగ్గి తీసిన కఫం. దాన్ని స్లైడ్ అనే గాజు పలక మీద పలచగా పూసి, సెగకు ఆరబెట్టి, ఎర్రరంగు పోసి వేడి చేసి, కడిగి, పైన నీలిరంగు వేస్తాం. మైక్రోస్కోపు కింద పెడితే, క్షయ క్రిములు ఉన్నచోట నీలం మీద సన్నటి ఎర్ర పుల్లలు కనబడతాయి. కనబడితే పాజిటివ్. పలక మీద ఓపికగా నూరుచోట్ల వెతికినా కనబడకపోతే నెగెటివ్. రోజంతా నేను చేసేది ఎర్ర పుల్లల కోసం వెతకడం, అవి దొరకకూడదని కోరుకోవడం.

ఆ ఫిబ్రవరిలో కరుణమ్మ అనే అమ్మాయి స్లైడు మూడోసారి కూడా నెగెటివ్ వచ్చింది. ఆమెది మా ఊరే, మా సంఘమే. ఇరవై మూడేళ్ళుంటాయి. రెండేళ్ళ కిందట జబ్బు బయటపడినప్పుడు ఆమెకు అయిదు నెలల ఆడబిడ్డ. మొదట స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు, తర్వాత రోజూ ఐ.ఎన్.హెచ్. మాత్రలు, ఒక్క పూట తప్పకుండా వేసుకున్నది. డాక్టరు గారు స్లైడు తానూ ఒకసారి చూసి, ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, ఇక మందులు చాలమ్మా, పని పాటలు చేసుకో, బాగా తిను అని చెప్పారు.

ఇంత మంచి మాట విన్నవాళ్ళు మామూలుగా ఏడుస్తారు, లేదా చేతులు జోడిస్తారు. కరుణమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“సార్, నెగెటివ్ అంటే గుడిలో గిన్నె తాగొచ్చా?”

తాగవచ్చన్నాను. క్రిములు లేని మనిషి నోటినుంచి ఎవరికీ ఏమీ రాదు, ఉన్న మనిషినుంచైనా దగ్గు వల్ల వస్తుందే కానీ గిన్నె అంచునుంచి రావడం అరుదు, అని మా డాక్టరు గారు ఎన్నోసార్లు చెప్పిన మాటే చెప్పాను. ఆమె తల ఊపింది కానీ కదలలేదు. అసలు సంగతి తర్వాత చెప్పింది. రెండేళ్ళుగా బిడ్డ నాయనమ్మ దగ్గరే తింటుంది, నాయనమ్మ పక్కనే పడుకుంటుంది. కరుణమ్మ తన చేతితో బిడ్డకు ఒక్క ముద్ద పెట్టలేదు. గుడిలో సంఘమంతా తాగే గిన్నెలో నువ్వూ తాగి, ఎవరూ కాదనకుండా ఉంటే, ఆ రోజు నీ బిడ్డను నీకిస్తాను అని అత్త సారమ్మ చెప్పిందట. భర్త ఏసురత్నం ఉప్పు కొఠారులో, అంటే ఉప్పు పండించే మళ్ళలో, కూలికి పోయే మంచివాడు. తల్లి మాటకు ఎదురు చెప్పి ఎరగడు.

ఇక్కడ మా గుడి పద్ధతి చెప్పాలి. మా వైపు నీళ్ళు ఎత్తి తాగుతారు. చెంబు పెదవికి తగిలిందంటే ఎంగిలి, ఇక ఆ చెంబు ఇంకొకరికి పనికిరాదు. అలాంటి ఊళ్ళో మా తాతలు క్రైస్తవులయినప్పుడు, వేరు వేరు ఇళ్ళవాళ్ళు, ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్ళు, ఒకే గిన్నెను పెదవికి ఆనించి తాగారు. వెండిపూత పూసిన, కింద కాడ ఉన్న ఆ కాళ్ళ గిన్నె మా గుడికి పెద్ద ఆస్తి. సంఘంలోవాళ్ళు ముందుకు వచ్చి చాప మీద మోకరిస్తే, అయ్యగారు రొట్టె విరిచి అరచేతిలో పెడతారు. తర్వాత గిన్నె అందిస్తారు. గిన్నెను రెండు చేతులా పుచ్చుకోవాలి, ఒక చేతితో పుచ్చుకోవడం అమర్యాద. ఒక్కొక్కరు తాగగానే డీకను ఇస్త్రీ గుడ్డతో అంచు తుడిచి, గిన్నె కొంచెం తిప్పుతాడు. మద్యనిషేధం రోజులు కాబట్టి ద్రాక్షారసమంటే ఎండు ద్రాక్ష నానబెట్టి కాచి వడగట్టిన రసం. అది అయ్యగారి భార్య చేసేది. రొట్టె మాత్రం పదిహేనేళ్ళుగా సారమ్మదే. ఉప్పు వేయకుండా, పులియబెట్టకుండా, పెనం మీద అప్పడంలా పలచగా కాల్చేది.

కరుణమ్మ జబ్బు పడిన నాటినుంచి ప్రభు భోజనం రోజున గుడికి వచ్చేది కానీ, వెనక గుంజ దగ్గర కూర్చుని, మోకరించడానికి రాకుండానే వెళ్ళిపోయేది. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు.

నేను సంగతి అయ్యగారితో చెప్పాను. ఆయన సంతోషించారు కానీ, సంఘంతో మాట్లాడకుండా గిన్నె అందిస్తే, ఆమె తర్వాత మోకరించేవాళ్ళు లేచిపోతే ఆ పిల్ల మొహం ఎక్కడ పెట్టుకుంటుంది అన్నారు. అది నిజమే. ఆదివారం మధ్యాహ్నం ఆయన వసారాలో కమిటీ కూర్చుంది. అయ్యగారు, నేను, ఉప్పు కొఠారు మేస్త్రీ దావీదన్న, ఇంకా ఇద్దరు.

ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఆమెను చేర్చుకోవాలనే అందరూ అన్నారు. ఎలా అన్నదే చిక్కు. నెగెటివ్ అంటే ఏమిటో నేను రెండుసార్లు వివరించాను. వాళ్ళు శ్రద్ధగా విని, అయినా ఎందుకైనా మంచిది, ఏదైనా దారి చూడండి అన్నారు. ఒకాయన ఆమెకు చివర్న ఇద్దామన్నాడు. అయ్యగారు ఒప్పుకోలేదు. మిగిలిన రసం పారబోయకూడదు, తాగేది ఎలాగూ నేనే, నాకేమీ అభ్యంతరం లేదు, కానీ అందరూ లేచాక వడ్డించేది పంక్తి భోజనం కాదు అన్నారు.

అప్పుడు ప్రయోగాలు మొదలయ్యాయి. దావీదన్న అన్నాడు కదా, మనమంతా నీళ్ళు ఎత్తి తాగేవాళ్ళమే, రసం కూడా ఎత్తి తాగితే పెదవి తగిలే మాటే లేదు అని. కొఠారులో ఎండన పడి ముప్పై ఏళ్ళుగా ఒక్క చుక్క ఒలకకుండా ఎత్తి తాగుతున్నవాణ్ణి, నేనే చూపిస్తాను అన్నాడు. అయ్యగారి భార్య ఇంట్లో ఉన్న, ఇంకా బల్లకు వాడని రసం కొంచెం గిన్నెలో పోసి ఇచ్చింది. చెంబుకు మూతి సన్నం, కాళ్ళ గిన్నెకు అంచు వెడల్పు. రసం ధారగా రాలేదు, పరదాలా పడింది. దావీదన్న గడ్డం, మెడ, ఆదివారం చొక్కా అన్నీ తడిసిపోయాయి.

“ఈ మరకతో ఇంటికి పోయి, అయ్యగారింట్లో కమిటీలో ఉన్నానంటే మా ఇంటామె నమ్మాల గదా,” అన్నాడు చొక్కా పిండుకుంటూ.

తర్వాత ముంచుకునే పద్ధతి చూశాము. కొన్ని సంఘాల్లో రొట్టెముక్క రసంలో ముంచి నోట్లో పెడతారని అయ్యగారు విన్నారు. గిన్నె ఎవరి పెదవికీ తగలదు. కానీ సారమ్మ రొట్టె అప్పడంలాంటిది. ముంచగానే మెత్తబడి సగం లోపలే ఉండిపోయేది. మేము అయిదుగురం తలా రెండుసార్లు ముంచేసరికి, రసం అంబలిలా తయారయింది. చెమ్చాతో నోట్లో పోద్దామని ఒకరన్నారు. పసిబిడ్డలకు ఉగ్గు పోసినట్టు పెద్దవాళ్ళంతా నోరు తెరుచుకుని కూర్చోవాలా అని ఇంకొకరన్నారు. అందరం నవ్వేశాము.

అప్పుడు నేను నా తెలివి చూపించాను. మా క్లినిక్కులో మందు గ్లాసులుంటాయి, ఒక ఔన్సు పట్టేవి, గీతలు గీసినవి. తలా ఒక గ్లాసులో రసం పోసి, పళ్ళెంలో పెట్టి కూర్చున్నచోటికే అందిస్తే తగవే లేదు. పట్నం గుళ్ళలో ఇలా చిన్న గ్లాసులు వాడతారని విని ఉన్నాను కూడా. శుభ్రం, లెక్క, క్రమం. ల్యాబ్ మనిషికి ఇంతకంటే ఏం కావాలి? కమిటీ అంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. నెల్లూరులో గ్లాసులు కొని, గడ్డిలో చుట్టించి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాను. వడ్రంగి చెక్కపళ్ళేలకు గుంటలు తొలిచి ఇచ్చాడు.

మార్చి మొదటి ఆదివారం. అయ్యగారి భార్య రసం పోస్తూ, ఏ గీతదాకా పొయ్యాలి సామ్యేలూ అని అడిగింది. మొదటి గీత దాకా అన్నాను. ఆ ప్రశ్న విన్నప్పుడే నాకు తెలియాల్సింది.

మా సంఘంలో చాలామంది ఆ గ్లాసును అంతకుముందు చూసింది ఒక్కచోటే, ఆస్పత్రిలో. పళ్ళెం మొదటి వరసకు రాగానే ముసలి అబ్రహాము తాత గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. కళ్ళు మూసుకుని, ముక్కు పట్టుకుని, గటగటా మింగి, మొహం చిట్లించాడు. మందు కాదని, తియ్యగా ఉందని ఒక క్షణం తర్వాత గానీ ఆయనకు తెలియలేదు. రెండో వరసలో ఒకామె కొంగుముడి విప్పి బెల్లంముక్క నోట్లో వేసుకుంది. ఒకాయన నా వైపు వంగి, ఇది అన్నానికి ముందా తర్వాతా అని గుసగుసగా అడిగాడు. దావీదన్న పళ్ళెం పట్టుకుని నా ఎదురు వరసలో ఉన్నాడు. అతని భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. నేను అతన్ని చూడకుండా ఉండడానికి పడిన అవస్థ డైరీలో రాసుకున్నాను.

పళ్ళెం వెనక గుంజ దాకా వెళ్ళింది. కరుణమ్మ దాన్ని చూసింది. తీసుకోలేదు. పక్కామెకు అందించి, తల వంచుకుని కూర్చుంది.

ఆ మధ్యాహ్నం నేను అన్నం తిని లేచేసరికి మా ఇంటి ముందు పదిమంది ఆడవాళ్ళు. ఏమిటని అడిగాను. సంఘమంతటికీ వేరు వేరు గ్లాసులు ఇచ్చారంటే, సంఘమంతటికీ ఆ జబ్బు అంటుకుని ఉంటుందని, మీరు ల్యాబులో చూసి మంచితనం కొద్దీ పేర్లు చెప్పకుండా దాస్తున్నారని ఊళ్ళో మాట పుట్టిందట. తమకు ఉందో లేదో చెప్పించుకోవడానికి వచ్చారు. ఒకామె కఫం కొబ్బరిచిప్పలో కూడా తెచ్చింది. పైన మోదుగాకు మూత. మూత పెట్టినందుకు ఆమెను మెచ్చుకుని, ఎవరికీ ఏమీ లేదని ఒక్కొక్కరికీ చెప్పి పంపేసరికి పొద్దు వాలింది. మా ఆవిడ వసారా కడుగుతూ, ఒక్కరికి ఉందనే భయం పోగొట్టబోయి ఊరందరికీ పంచావు అన్నది.

అందరూ వెళ్ళాక కరుణమ్మ వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది. పిలిచినా లోపలికి రాలేదు. గ్లాసు ఎందుకు తీసుకోలేదని అడిగాను. నీ కోసమే కదమ్మా ఇదంతా చేసింది అని కూడా అన్నాను.

“తెలుసు సార్. మీరు నా మేలు కోరే చేసినారు. ఇంట్లో రెండేళ్ళుగా నాకొక గ్లాసు ఉండాది. నేనే కడుక్కోవాల, నేనే బోర్లించుకోవాల. మళ్ళీ గుడిలో ఇంకోటి ఎందుకు సార్ నాకు? మా అత్త అప్పుడే అంటాండాది, చూసినావా, గుడికి కూడా సార్ పద్ధతే వచ్చింది, ఇంక ఆ గిన్నె ఎవురూ తాగరు అని.”

అప్పుడు నాకు అర్థమయింది. సారమ్మ పెట్టిన షరతు గిన్నె. నేను ఆ గిన్నెనే తీసి పక్కన పెట్టేశాను. మరి ‘సార్ పద్ధతి’ అంటే ఏమిటని అడిగాను.

“మీరు రాసిచ్చిన కార్డు సార్,” అన్నది.

నాకు గుర్తు రాలేదు. ఆ సాయంత్రమే సారమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె అరుగు మీద గోధుమలు ఏరుతోంది. మనవరాలు ఆమె తొడమీద తల పెట్టి పడుకుని, చేటలో గింజలతో ఆడుకుంటోంది. నన్ను చూసి సారమ్మ కుశలం అడిగి, మజ్జిగ ఇచ్చి, సంగతి వినగానే లోపలికి వెళ్ళి బైబిలు తెచ్చింది. అందులోనుంచి మా క్లినిక్కు కార్డు ఒకటి తీసింది. నాలుగు మూలలూ నలగకుండా ఉంది. నా దస్తూరీ. వేరే గ్లాసు. వేరే పళ్ళెం. బిడ్డను తల్లి దగ్గర పడుకోబెట్టకూడదు, తల్లి చేత తినిపించకూడదు. కింద ఎర్రసిరాతో గీత కూడా నేనే కొట్టాను.

“మా ఇంటాయనా, నా పెద్దకొడుకూ ఈ దగ్గుతోనే పోయినారు, నీకు తెలుసు,” అన్నది. “ఆనాడు నాకు ఇట్టాంటి కార్డు ఎవురూ రాసియ్యలా. ఒకే పళ్ళెంలో కలిపి పెట్టినా ఇద్దరికీ. నువ్వు రాసిచ్చినావు. నేను ఒక్క అక్షరం తప్పలా. ఆ పిల్ల ఏడిస్తే నాకు కడుపు తరుక్కుపోలేదా? అయినా తప్పలా. ఇప్పుడొచ్చి నెగెటివ్ అంటాది. ఇంక చాలు అని ఇందులో యాడ ఉండాదో చూపించు నాయనా.”

కార్డు తిప్పి చూశాను. వెనక ఖాళీ.

ఇంటికి వెళ్ళి పాత డైరీలు తీశాను. 1962లో ఆ రోజు ఇలా ఉంది: ‘మా ఊరి కరుణమ్మ, పాజిటివ్. కార్డు రాసి ఇచ్చాను. అత్తగారికి మూడుసార్లు చదివి వినిపించాను.’ ఈ ఫిబ్రవరిలో: ‘కరుణమ్మ, నెగెటివ్. మందులు ఆపారు.’ కార్డు మాట లేదు. మందులు ఆపాలని డాక్టరు గారు చెప్పారు. కార్డు ఆపాలని చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేదు సరికదా, రాసినట్టే మరిచిపోయాను. తెలియని భయంతో సారమ్మ బిడ్డను దూరం పెట్టిందని అంతవరకూ నా మనసులో ఉంది. ఆమె పాటించింది నా మాటనే.

మర్నాడు తెల్లవారి బస్సెక్కేముందు మళ్ళీ ఆమె ఇంటికి వెళ్ళి, కార్డు వెనక ‘పై కట్టుబాట్లు ఇక అక్కరలేదు’ అని రాసి సంతకం పెట్టాను. సారమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

“ముద్ర ఏదీ?”

మొదటిసారి రాసినప్పుడు కూడా ముద్ర లేదు కదా పెద్దమ్మా అన్నాను.

“భయపడమంటే ముద్ర లేకున్నా భయపడతా. ధైర్యంగా ఉండమంటే ముద్ర ఉండాల,” అన్నది.

ఆరేళ్ళు ల్యాబులో పనిచేసిన నాకు ఆ సంగతి తట్టలేదు. కార్డు నెల్లూరు తీసుకెళ్ళాను. డాక్టరు గారు విని చాలాసేపు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, కార్డు వెనక తన చేతితో, తెలుగులో, బిడ్డకు తల్లి అన్నం పెట్టవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు, ఈ తేదీ నుంచి, అని రాసి, ఊదారంగు ముద్ర రెండుచోట్ల వేశారు. ఒకటి చాలదా అంటే, పదిహేనేళ్ళుగా రొట్టె చేస్తున్న మనిషి అంటున్నావు, రెండు వేస్తే తప్పు లేదు అన్నారు.

శనివారం సారమ్మకు ఇచ్చాను. రెండుసార్లు చదివించుకుంది. ముద్రమీద వేలు పెట్టి రుద్ది చూసింది. బైబిల్లో పెట్టింది. రేపు పిండి ఆడించుకోవాలి అంటూ లేచిపోయింది.

అయ్యగారితో నా తప్పు చెప్పుకున్నాను. ఏప్రిల్ మొదటి ఆదివారం ఆయన సంఘానికి విడమరిచి చెప్పారు. ఊళ్ళో ఎవరికీ జబ్బు లేదు. ఉన్న ఒక్కరికీ నయమయింది. ఇక గిన్నె కావలసినవాళ్ళు ముందుకు వచ్చి మోకరించండి, గ్లాసు కావలసినవాళ్ళు కూర్చున్నచోటే ఉండండి, రెండూ ప్రభువు బల్లే, అన్నారు. రసం, రొట్టె ఎప్పటిలాగే ఉన్నాయి. ఎవరు లేస్తారో ఎవరికీ తెలియదు.

ముందు దావీదన్న వెళ్ళి మోకరించాడు. అతని వెనక అబ్రహాము తాత, మందు గ్లాసు తనకు వద్దంటూ. కొంతసేపు ఎవరూ లేవలేదు. తర్వాత వెనక గుంజ దగ్గరనుంచి కరుణమ్మ లేచింది. ఆ నడవ పట్టుమని పాతిక అడుగులు ఉండదు. చాప చివర, ఆడవాళ్ళ వైపు మోకరించింది. ఆమె పక్కన ఇంకా అయిదారుగురు పట్టే చోటు ఖాళీగా ఉంది.

అయ్యగారు రొట్టె పెట్టారు. గిన్నె అందించారు. కరుణమ్మ రెండు చేతులా పుచ్చుకుని తాగింది. నేను గుడ్డతో అంచు తుడిచి గిన్నె తిప్పాను. అయ్యగారు వెంటనే వెనక్కి తిరగలేదు. గిన్నె పట్టుకుని, ఖాళీ చాప ముందు నిలబడే ఉన్నారు. ఆయనకేమీ తొందర లేనట్టు.

మొదటి వరసలోనుంచి సారమ్మ లేచింది. చంకలో మనవరాలు. వచ్చి కరుణమ్మ పక్కన, కొంగు కొంగు తగిలేంత దగ్గరగా మోకరించింది. రొట్టె కోసం ఎప్పటిలా ఒక అరచెయ్యి చాచింది. రొట్టె తిన్నది. గిన్నె ఆమె ముందుకు వచ్చింది.

గిన్నెకు రెండు చేతులు కావాలి. బిడ్డ చంకలో ఉంది. వెనక వరసలో ఆమె చెల్లెలు ఉంది, వదిన ఉంది, ఎవరికైనా ఇచ్చి రావచ్చు. పదిహేనేళ్ళుగా ఆ బల్లకు రొట్టె చేస్తున్న మనిషికి గిన్నె ఎలా పుచ్చుకోవాలో తెలియదా? ఆమె ఒక్కసారి గిన్నె వైపు చూసి, బిడ్డను ఎత్తి కరుణమ్మ ఒళ్ళో కూర్చోబెట్టింది. రెండు చేతులా గిన్నె పుచ్చుకుంది. నేను అంచు మరోసారి తుడవడానికి గుడ్డ ఎత్తాను. అక్కర్లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, కోడలు తాగిన గిన్నెలో తాగి, అయ్యగారికి తిరిగి ఇచ్చింది.

ఇక్కడ బిడ్డ తల్లి మెడను కావిలించుకుందని రాస్తే బాగుంటుంది. అలా జరగలేదు. కొత్త ఒడి చూసి, గుక్కపట్టి ఏడ్చింది. సారమ్మ తిరిగి చేతులు చాచలేదు. కరుణమ్మ బిడ్డను ఎత్తుకుని లేచి, వీపు తడుముతూ నడవ పొడుగునా నడిచి, బయట ఎండలోకి వెళ్ళింది. ఏడుపు గుడి చుట్టూ ఒకసారి తిరిగి మళ్ళీ ద్వారం దాకా వచ్చింది. లోపల మాత్రం ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు. ఆ ఖాళీ చాప నిండింది, రెండోసారి కూడా నిండింది. గిన్నెలో రసం చాలక అయ్యగారి భార్య గ్లాసుల్లో పోసిన రసం తిరిగి గిన్నెలోకి వంచింది. మొదటి గీత దాకా పోసినవి చాలావరకు అలాగే మిగిలి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం కరుణమ్మ పెట్టిన మొదటి ముద్దను బిడ్డ ఉమ్మేసిందని, రెండోదాన్ని తిని వేలు కొరికిందని ఏసురత్నం సాయంత్రం మా ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. కొరికిన గాటుకు మందు కావాలా అని అడిగితే, వద్దు సార్, ఆ గాటును మా ఇంటామె ఊరందరికీ చూపించుకుంటాండాది అన్నాడు.

మా గుడిలో ఆ తర్వాత గిన్నె, గ్లాసు రెండూ ఉండిపోయాయి. జలుబు చేసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఆ వారం గ్లాసు తీసుకునేవారు. ఎవరూ తిరిగి చూసేవారు కాదు.

మిగిలింది నా పని. సోమవారం క్లినిక్కులో నయమైనవాళ్ళ రిజిస్టరు తీశాను. పేరు, ఊరు, మందులు మొదలు, మందులు ఆఖరు అన్నీ ఉన్నాయి. కట్టుబాట్లు ఆఖరు అన్న గడి లేదు. డాక్టరు గారిని అడిగి స్కేలు పెట్టి ఆ గడి గీశాను. తర్వాత ఒక్కొక్క పేరుకూ పోస్టుకార్డు రాయడం మొదలుపెట్టాను: వేరే గ్లాసు, వేరే పళ్ళెం ఇక అక్కరలేదు, అందరితో కలిసి తినవచ్చు, ఈ తేదీ నుంచి. ముద్ర వేసి పంపాను. ఆనాటి నుంచి రిటైరయ్యేదాకా, ఒక పని మానమని రాసిన ప్రతి కార్డులోనూ ఎప్పటిదాకా మానాలో కింద రాస్తూ వచ్చాను. తేదీ ముందే తెలియనప్పుడు, ఫలానా రోజు వచ్చి అడగండి అని రాశాను. ఉద్యోగంలో నేను నేర్చుకున్న వాటిలో నా అంతట నేను పాటించినది ఇదొక్కటే.

ఆ పోస్టుకార్డులకు జవాబులు చాలా తక్కువ వచ్చాయి. ఒకటి గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో పనిచేసే ఆయన దగ్గరనుంచి. ఆయనకు నయమై చాలాకాలమయింది. ఇంతవరకూ విడిగానే తింటూ ఉన్నాడట, ఎవరినైనా అడగాలని తట్టలేదట. కింద ఇలా రాశాడు: ‘మీ కార్డు చదివి నా పళ్ళెం పారేయబోతే మా ఇంటిది ఒప్పుకోలేదు. ఇంట్లో సొట్ట లేని పళ్ళెం అదొక్కటేనంట. ఇప్పుడు దానికోసం పిల్లలు కొట్లాడుకుంటున్నారు. నాకు సొట్ట పళ్ళెం వచ్చింది.’